నాలుగు గోడలను ఒక పెట్టెగా కలిపిన పని: పాత ఇటుక గ్రంథాలయ భవనాన్ని భూకంపం తట్టుకునేలా పటిష్ఠం చేయడం (రెట్రోఫిట్టింగ్)పై కేస్ స్టడీ

ఈ భవనం వయసు సుమారు నూరేళ్లు. రెండంతస్తులు, 27 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కింది అంతస్తు గోడల మందం 460 మిల్లీమీటర్లు, పై అంతస్తు గోడల మందం 345 మిల్లీమీటర్లు. అన్నీ కాల్చిన ఇటుకతో, సున్నపు మాలుతో కట్టినవే. గోడల్లో ఎక్కడా ఇనుము లేదు. కింది అంతస్తులో పొడవునా ఒక మధ్యగోడ ఉంది. బయటి పొడవు గోడల నుంచి ఆ మధ్యగోడ మీదికి కలప దూలాలు వేసి, వాటిపై చెక్క పలకలు పరిచి పై అంతస్తుకు నేల చేశారు. పైన కలప ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చట్రాలు), పెంకుల కప్పు. రెండు చివరలా త్రికోణంగా పైకి లేచిన గేబుల్ గోడలు, ముఖభాగాన కప్పు కనపడకుండా దాచే 1.1 మీటర్ల ఎత్తు పిట్టగోడ ఉన్నాయి. భవనం ఇప్పుడు గ్రంథాలయం. పై అంతస్తులో పఠన మందిరాన్ని విశాలం చేయడానికి ఎప్పుడో కొన్ని దశాబ్దాల కిందట రెండు అడ్డగోడలు తీసేశారు. ఆ సంగతి పాత నక్షాతో పోల్చి చూసినప్పుడే బయటపడింది.

నిర్మాణ ఇంజనీరుగా నన్ను పిలిచింది భూకంపం సంగతి చూడమని కాదు. పై అంతస్తులో ముఖభాగపు గోడ గేబుల్ గోడను కలిసే మూలలో నిలువుగా ఒక బీట కనిపిస్తోందనీ, రెండుసార్లు సిమెంటుతో పూడ్చినా మళ్లీ తెరుచుకుంటోందనీ, మూడోసారి తెరుచుకోకుండా పూడ్చే మార్గం చెప్పమనీ యాజమాన్యం అడిగింది. గోడలు ఇంత మందంగా ఉన్నాయి కాబట్టి ఏనుగు వచ్చి గుద్దినా కదలవన్న నమ్మకం వారందరిలోనూ ఉంది. బరువు మోయడం వరకే అయితే ఆ నమ్మకం తప్పు కాదు. నూరేళ్లుగా ఈ గోడలు తమ మీద పడిన బరువును ఏ ఇబ్బందీ లేకుండా మోస్తూనే ఉన్నాయి.

బీటలో ఉక్కు స్కేలు పెట్టి కొలిస్తే పైకప్పు దగ్గర 11 మిల్లీమీటర్లు, నడి ఎత్తులో 5 మిల్లీమీటర్లు వచ్చింది. నేల దగ్గర వెంట్రుక మందాన మిగిలింది. మూలలో నిలువుగా, పైన వెడల్పుగా, కింద సన్నగా ఉన్న ఈ బీటను చూస్తే, గోడ తన అడుగు దగ్గర మడతబందులా తిరిగి బయటికి వాలుతోందని అనిపించింది. మందిరం నడుమ తూకపు గుండు వేలాడదీసి చూస్తే, 4.2 మీటర్ల ఎత్తుకు గోడ 38 మిల్లీమీటర్లు బయటికి ఒరిగి ఉంది. ఈ బీటను పూడ్చడం వల్ల ప్రయోజనం లేదనీ, గోడను ఏదీ పట్టుకుని లేదనీ ఆ రోజే చెప్పాను. పని పరిధి అక్కడి నుంచే మారింది.

ఇనుము లేని ఇటుక గోడకు ఒత్తిడిని భరించే శక్తి పుష్కలంగా ఉంటుంది. లాగుడును భరించే శక్తి దాదాపు ఉండదు. అదే గోడ తన పొడవు దిశలో వచ్చే ఊపును చాలావరకు తట్టుకుంటుంది గానీ, మందం దిశలో వచ్చే ఊపుకు అట్టముక్కలా పడిపోతుంది. భూకంపం ఏ దిశలో ఊపినా రెండు గోడలు బలమైన దిశలోనూ, వాటికి లంబంగా ఉన్న రెండు గోడలు బలహీనమైన దిశలోనూ ఉంటాయి. బలహీన దిశలో ఉన్న గోడలను నేల, కప్పు పట్టుకుని ఆ భారాన్ని బలమైన దిశలో ఉన్న గోడలకు చేరవేస్తే భవనం పెట్టెలా కలిసికట్టుగా ఊగుతుంది. ఆ పట్టు లేకపోతే నాలుగు గోడలు నాలుగు వేర్వేరు లయల్లో ఊగి మూలల దగ్గర విడిపోతాయి. మన భాషలో భవనాన్నీ, ముడివేయడాన్నీ ఒకే మాటతో ‘కట్టడం’ అంటాం. ఈ భవనంలో మొదటి కట్టడమే జరిగింది.

పరీక్షలకు ముందు చేసిన చిన్న పని అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. గేబుల్ గోడ పక్కన నేల పలకలు మూడు ఊడదీసి లోపలికి దీపం పెట్టి చూశాం. దూలాలన్నీ ఆ గోడకు సమాంతరంగా పోతున్నాయి. చివరి దూలానికీ గోడకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ ఉంది. అంటే 345 మిల్లీమీటర్ల మందంతో పైకి లేచి, కొన దగ్గర 7.1 మీటర్ల ఎత్తుకు చేరే ఆ గేబుల్ గోడను నేల తాకను కూడా తాకడం లేదు. పొడవు గోడల వైపు దూలాల కొనలు 100 మిల్లీమీటర్ల మేర గూళ్లలో కూర్చున్నాయి. అక్కడ కూడా మేకు గానీ పట్టీ గానీ లేదు, రాపిడి ఒక్కటే ఆధారం. నేల ఊగి దూలం ఆ 100 మిల్లీమీటర్లు జారితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజనీరు కానక్కరలేదు.

ఆ తరువాత గోడ లోపలి సంగతి. ముఖభాగాన నునుపైన, ఎర్రని, మేలురకం ఇటుక కనిపిస్తుంది. ప్రతి ఆరో వరసలోనూ ఇటుక తలలు వరుసగా తేలి ఉంటాయి. తల కనిపించిన ఇటుక గోడ మందానికి అడ్డంగా పడి, బయటి పొరనూ లోపలి పొరనూ కుట్టినట్టు కలుపుతుందని ఏ నిర్మాణ పాఠమైనా చెబుతుంది. ఆ వరసలను చూసే నా మొదటి నివేదికలో గోడ పూర్తి మందం 345 మిల్లీమీటర్లు కలిసే పనిచేస్తుందని రాశాను. ఎత్తును మందంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 12.2. అమెరికాలో పాత భవనాల పరిశీలనకు వాడే ఏఎస్‌సీఈ 41 ప్రమాణం పై అంతస్తు గోడకు ఈ నిష్పత్తిని మధ్యస్థ భూకంప ప్రాంతాల్లో 14 దాకా, తీవ్ర ప్రాంతాల్లో 9 దాకా అనుమతిస్తుంది. పై అంతస్తుకు పరిమితి ఇంత కఠినంగా ఉండడానికి ఒక కారణం, ఆ గోడను నొక్కి పట్టే బరువు పైన లేకపోవడం.

మా తాపీమేస్త్రికి ఆ గోడ మీద మొదటి నుంచీ అనుమానమే. ఆయన సుత్తి వెనకభాగంతో గోడను తడుతూ పోతుంటే కొన్నిచోట్ల గట్టిగా, మరికొన్నిచోట్ల బోలుగా శబ్దం వచ్చింది. బోలుగా పలికిన చోట హెడర్‌గా (అడ్డంగా పడిన తల ఇటుకగా) కనిపించే ఒక ఇటుక చుట్టూ మాలు గీకి బయటికి లాగితే, అరచేతిలో పట్టేంత ముక్క వచ్చింది. “సార్, ఇది తల కాదు, సగం ముక్క” అన్నాడాయన. ఆ వరసలో మరో పన్నెండు ఇటుకలు తీశాం, తొమ్మిది అలాంటివే. ఖరీదైన ముఖపు ఇటుకను పొదుపు చేయడానికి దాన్ని సగానికి విరగ్గొట్టి, అందం కోసం తలలా పేర్చారు. బయటి 115 మిల్లీమీటర్ల పొర లోపలి గోడకు మాలుతో మాత్రమే అంటుకుని ఉంది. వాననీరు కారిన చోట ఆ మాలు కూడా పొడిగా రాలిపోయింది. పనిచేసే మందం 345 కాదు, 230. నిష్పత్తి 18.3కు చేరింది. నివేదికను వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. అప్పటి నుంచి లోపలికి తొలిచి చూడకుండా గోడ మందాన్ని కాగితం మీద రాయడం మానేశాను.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపంలో వేల ప్రాణాలు పోవడానికి ఇలాంటి పొరల విడిపాటు ఒక ముఖ్య కారణం. అక్కడివి మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు; రెండు పొరలనూ కలిపేలా గోడ మందమంతా పట్టే అడ్డరాళ్లు లేక, ఊపుకు పొరలు వేరై ఉబ్బి, పైనున్న బరువైన మట్టి కప్పుతో సహా కూలాయి. ఆ భూకంపం పరిమాణం సుమారు 6.2 మాత్రమే. మన గోడ ఇటుకది, కప్పు తేలిక. అయినా జబ్బు అదే జాతిది.

మాలు బలం తెలుసుకోవడానికి గోడలోనే ఇటుకను నెట్టి చూసే పరీక్ష చేశాం. ఒక ఇటుకకు ఒక పక్కనున్న ఇటుకను తీసేసి ఆ గూట్లో చిన్న జాకీ అమర్చి, రెండో పక్క నిలువు సందులోని మాలును గీకేసి, ఇటుక ఎంత బలానికి కదులుతుందో కొలవడం దీని పద్ధతి. కింది అంతస్తులో ఫలితాలు ఈ వయసు గోడలకు తగినట్టే వచ్చాయి. పై అంతస్తులో పిట్టగోడ వెనక నీటి కాలువ కింద రెండుచోట్ల మాత్రం జాకీ మీటరు ముల్లు లేవకముందే ఇటుక కదిలింది. అక్కడి సందుల్లోకి స్క్రూడ్రైవరు 40 మిల్లీమీటర్లు చేతి బలంతోనే దిగింది. ఫ్లాట్ జాక్‌తో (గోడ సందులో దూర్చే పలచని జాకీతో) కొలిస్తే కింది అంతస్తు స్తంభభాగాల్లో, అంటే కిటికీల మధ్యనున్న గోడ ముక్కల్లో, ఒత్తిడి సుమారు 0.3 మెగాపాస్కల్, పై అంతస్తు గోడ పైభాగంలో లెక్క ప్రకారం అందులో పదో వంతు కూడా ఉండదు. ఇటుక సందుల్లో కోతను (ఒక వరస మరో వరస మీద జారడాన్ని) అడ్డుకునేది కొంత మాలు అంటు, కొంత రాపిడి. రాపిడి బరువును బట్టి వస్తుంది కాబట్టి, ఊపు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే పైభాగంలోనే దాన్ని అడ్డుకునే శక్తి అన్నిటికన్నా తక్కువ. పాత ఇటుక భవనాలు తరచూ పైనుంచి కిందికి కూలడం వెనక ఉన్న లెక్క ఇదే.

పిట్టగోడ విషయం ఇంకా సులభంగా తేలింది. అడుగున ఏ బిగింపూ లేకుండా నిలబెట్టిన దిమ్మ, దాని మందాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చే భాగం మేరకు గురుత్వ త్వరణం పక్కకు పనిచేయగానే ఊగడం మొదలుపెడుతుంది. మన పిట్టగోడ మందం 230 మిల్లీమీటర్లు, ఎత్తు 1,100 మిల్లీమీటర్లు, భాగిస్తే 0.21. అంటే కప్పు మట్టంలో 0.21 జీ చాలు (జీ అంటే గురుత్వ త్వరణం). భూమి దగ్గరి ఊపు కప్పు మట్టానికి చేరేసరికి తరచూ రెట్టింపు, అంతకన్నా ఎక్కువ అవుతుంది. కాబట్టి భూమి 0.1 జీ మేర ఊగినా ఈ గోడ కదలడం మొదలవుతుంది. ఊగడం మొదలైనంత మాత్రాన పడిపోదు, నిజమే. కానీ అడుగున మాలు పొడిగా మారిన గోడకు ఆ వెసులుబాటు ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు. మీటరు పొడవు పిట్టగోడ బరువు సుమారు 480 కిలోలు. 27 మీటర్లకు 13 టన్నులు. ఆ 13 టన్నులూ పాఠకులు లోపలికీ బయటికీ నడిచే ప్రధాన ద్వారం మీద ఉన్నాయి. భూమి కంపించగానే ఎవరైనా పరుగు తీసేది ఆ ద్వారం వైపే.

ఈ ప్రమాదం ఎవరికి ఎక్కువో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం చూపించింది. 2010 సెప్టెంబరు 4న తెల్లవారుజామున 4.35కు 7.1 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు పిట్టగోడలూ ముఖభాగాలూ విరివిగా వీధుల్లో పడ్డాయి, ఆ వేళ వీధుల్లో జనం లేరు కాబట్టి శిథిలాల కింద ఎవరూ చనిపోలేదు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం వచ్చిన భూకంపం పరిమాణంలో అంతకన్నా చిన్నది, నగరానికి మాత్రం చాలా దగ్గర. 185 మంది చనిపోయారు. కొలంబో వీధిలో పోతున్న బస్సు మీద ఇటుక ముఖభాగం కూలి లోపలి ప్రయాణికులు పలువురు మరణించారు. ఇనుము లేని ఇటుక భవనాల వల్ల పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం ఆ భవనాల్లో ఉన్నవారివి కావు. వీధిలో, పక్క భవనాల్లో ఉన్నవారివి. యాజమాన్యం సమావేశంలో నేను లెక్కలేవీ చూపలేదు. ఈ రెండు తేదీలే చెప్పాను. పిట్టగోడ పనికి అనుమతి ఆ రోజే వచ్చింది.

మిగతా పనికి అంత తేలిగ్గా రాలేదు. అంతకు ముందు మరొకరు ఇచ్చిన ప్రతిపాదన యాజమాన్యం చేతిలో ఉంది. గోడలన్నిటికీ లోపలి వైపు 100 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర కొట్టడం, కలప నేలను తీసేసి 125 మిల్లీమీటర్ల కాంక్రీటు శ్లాబు పోయడం దాని సారాంశం. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ శ్లాబు బరువు చదరపు మీటరుకు 300 కిలోలు. 270 చదరపు మీటర్లకు 81 టన్నులు, తీసేసే కలప నేల దానిలో చిన్న భాగం మాత్రమే. భూకంప బలం బరువుకు అనుపాతంలో పెరుగుతుంది. పెరిగిన బలాన్ని మోయాల్సింది మళ్లీ ఆ పాత గోడలూ, లోతు తక్కువ పునాదులే. ఇటలీలో 1979 భూకంపం తరువాత ఉంబ్రియా కొండ గ్రామాల్లో రాతి ఇళ్ల కలప కప్పులను తీసి కాంక్రీటు కప్పులు వేశారు. 1997 సెప్టెంబరులో అదే ప్రాంతం మళ్లీ కంపించినప్పుడు, బరువైన బిగుతు కప్పుల కింద బలహీనమైన గోడలు పగిలి విడిపోయిన ఇళ్లు అనేకం కనిపించాయి. కప్పు చెక్కుచెదరలేదు, దాన్ని మోయాల్సిన గోడ మిగల్లేదు. దీనికి తోడు, సున్నపు గోడ తేమను పీల్చి వదులుతూ బతుకుతుంది; దాని మీద దట్టమైన సిమెంటు పొర కప్పితే ఆ తేమ లోపలే చిక్కుకుని మాలును తినేస్తుంది. కాంక్రీటు తొడుగు ఎప్పుడూ తప్పేనని నేను అనను. కొన్ని భవనాలకు వేరే దారి ఉండదు. ఈ భవనానికి అది అవసరం లేదు.

నేను ఇచ్చిన క్రమం ఇది: మొదట రాలిపడేవి, తరువాత విడిపోయేవి, ఆ తరువాతే పగిలేవి. ఈ క్రమానికి ఒక షరతు పెట్టుకున్నాను. ఏ దశ దగ్గర డబ్బు అయిపోయి పని ఆగినా, భవనం అంతకు ముందు కన్నా భద్రంగానే ఉండాలి. సగం పని వల్ల కొత్త ప్రమాదం పుట్టకూడదు. రెండో దశ ముగిశాక పని నిజంగానే కొన్ని నెలలు ఆగిపోయింది.

పిట్టగోడను కూల్చకుండా ఉంచాం. దాని వెనక 1.5 మీటర్లకు ఒకటి చొప్పున జింకు పూత ఉక్కు ఏటవాలు ఊతాలు పెట్టి, గోడ గుండా పోయే బోల్టులతో పట్టి, ఊతాల కాళ్లను కప్పు మట్టంలో కొత్తగా అమర్చిన అడ్డ ఉక్కు ట్రస్సుకు బిగించాం. ఊతాన్ని నేరుగా పాత కలప ట్రస్సుకు బిగించడం చౌకే గానీ, ఆ బలం అక్కడి నుంచి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు ఉండదు. వెనక నీటి కాలువను సరిచేసి, కొత్త తగరపు రేకు వేయించాం. లెక్కల్లో కనపడదు గానీ, ఈ మొత్తం పనిలో భవనం ఆయుష్షును అన్నిటికన్నా ఎక్కువ పెంచింది ఆ రేకే అయి ఉండవచ్చు.

ఇక గోడలను నేలకు కట్టే యాంకర్లు. గేబుల్ గోడకు నేల మట్టంలో ప్రతి మీటరుకూ పై అంతస్తు సగం ఎత్తు, కింది అంతస్తు సగం ఎత్తు గోడ బరువు వాటాగా వస్తుంది. రెండూ కలిపి సుమారు 3,200 కిలోలు. యాంకరు డిజైనుకు 0.4 జీ తీసుకుంటే మీటరుకు దాదాపు 1,300 కిలోల లాగుడు, 1.2 మీటర్లకు ఒక యాంకరు పెడితే ఒక్కోదానికి ఒకటిన్నర టన్ను. ముఖభాగంలో గోడను బయటి నుంచి పట్టి ఉంచే ఉక్కు పళ్లేలు కనపడకూడదని యాజమాన్యం కోరడంతో, మొదట గోడ లోపలి నుంచి రంధ్రం తొలిచి జిగురుతో బిగించే కడ్డీలను పరీక్షించాం. అయిదు పెట్టి లాగితే, వాటిలో మూడు కడ్డీలు ఒక్క టన్ను లోపే ఊడి వచ్చేశాయి. జిగురు విడిపోలేదు, కడ్డీకి అంటుకున్న ఇటుక అంటుకున్నట్టే, పన్ను పీకినట్టు గోడలోంచి ఊడి వచ్చింది. జిగురు ఎంత గట్టిదైనా ఇటుకను పట్టుకునే శక్తి చుట్టూ ఉన్న సున్నానిదే. క్రైస్ట్‌చర్చ్‌లో కూడా జిగురు యాంకర్లు ఇలా ఊడివచ్చిన గోడలను పరిశోధకులు నమోదు చేశారు.

ఆ ఇటుకను, కడ్డీతో సహా, తదుపరి సమావేశంలో బల్ల మీద పెట్టాను. పళ్లేల మీద అభ్యంతరం మళ్లీ రాలేదు. 16 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలను గోడ ఆసాంతం తొలిచి, బయట 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని పళ్లెంతో బిగించాం. పొడవు గోడల వైపు కడ్డీని ఉక్కు పట్టీతో దూలం పక్కకు కలిపితే సరిపోయింది. గేబుల్ వైపు దూలాలు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి, మొదటి నాలుగు దూలాల మధ్య ఖాళీల్లో గట్టి కలప దిమ్మలు అడ్డంగా బిగించి, వాటి మీదుగా పొడవాటి పట్టీ తీసుకెళ్లాం. లేకపోతే గోడ లాగుడంతా చివరి దూలం మీదే పడి అది పక్కకు వంగిపోతుంది. బిగించిన వాటిలో కొన్నిటిని డిజైను బలానికి ఒకటిన్నర రెట్లు లాగి చూశాం. దూలాల కొనలు విప్పినప్పుడు, నీరు కారిన వైపు ఏడు దూలాలు గూట్లో ఉన్న మేర పుచ్చి వేలితో నొక్కితే దిగాయి. వాటికి రెండు పక్కలా ఉక్కు చానెళ్లు బిగించి గోడ మీదికి కొత్త ఆనిక ఇచ్చాం. ఇవి దొరకకుండానే యాంకర్లు బిగించి ఉంటే కడ్డీ గోడను పట్టుకునేది, దూలం కడ్డీని పట్టుకునేది కాదు.

పాత పలకల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, అంచుల్లో దగ్గరగా, నడుమ దూరంగా మేకులు కొట్టి, నాలుగు అంచులా ఉక్కు పట్టీ తిప్పడంతో నేల ఒకే పళ్లెంలా పనిచేసే స్థితికి వచ్చింది. ఇది మామూలు వడ్రంగి పనే. గేబుల్ కొనలను కూడా ఇదే పద్ధతిలో కప్పు వాసాలకూ, చూరు మట్టంలోని అడ్డ ట్రస్సుకూ కలిపాం.

ముఖభాగపు పై గోడలో రెండు పనులు. విడిపోయిన బయటి పొరను లోపలి గోడకు కుట్టడానికి 8 మిల్లీమీటర్ల మెలి తిరిగిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలను 450 మిల్లీమీటర్ల గళ్లలో మాలు సందుల గుండా దిగగొట్టాం. తీసేసిన రెండు అడ్డగోడల వల్ల ఆసరా లేకుండా మిగిలిన 14 మీటర్ల పొడవుకు, 2.8 మీటర్ల దూరాల్లో నాలుగు ఉక్కు స్తంభాలు లోపలి వైపు నిలబెట్టి, కింద కొత్త నేలకూ పైన అడ్డ ట్రస్సుకూ కలిపి, గోడను ప్రతి 600 మిల్లీమీటర్లకు వాటికి బిగించాం. ఇక్కడ స్తంభం బలం కన్నా దాని బిగువే ముఖ్యం. సన్నని స్తంభం విరగకపోవచ్చు గానీ, అది వంగేలోపే ఇటుక గోడ పగిలిపోతుంది. మందిరంలో పుస్తకాల అరలు ఈ స్తంభాల మధ్య ఇమిడేలా మళ్లీ చేయించడంతో అవి ఇప్పుడు పెద్దగా కంటపడవు.

పొడవు దిశలో గోడల సామర్థ్యం గురించి నాకూ లెక్కలు సరిచూసిన సహచరుడికీ కొంత వాదన జరిగింది. కింది అంతస్తు ముఖభాగంలో కిటికీల మధ్యనున్న సన్నని స్తంభభాగాలు షియర్ (కోత) లెక్కలో సరిపోవడం లేదు కాబట్టి వాటికి ఉక్కు వల వేసి బిగించాలని ఆయన అన్నాడు. నా వాదన వేరు. ఆ భాగాలు సన్నగా, పొడవుగా ఉన్నాయి. ఊపు వస్తే అవి ఏటవాలుగా చీలడానికి ముందే అడుగునా తలనా తెరుచుకుని, ఊగుడు కుర్చీలా అటూ ఇటూ ఊగుతాయి. అలా ఊగే భాగం పైబరువు వల్ల తిరిగి తన చోటికే వచ్చి కూర్చుంటుంది. దాన్ని బిగించేస్తే పొడుగు భాగం కాస్తా పొట్టి భాగంలా బిగుసుకుని, బలం ఎక్కువ తీసుకుని, ఏటవాలుగా చీలి, బరువు మోయలేని స్థితికి చేరవచ్చు. అందువల్ల వాటిని ముట్టుకోలేదు. మూలకు మరీ దగ్గరగా తరువాతి కాలంలో తెరిచిన రెండు ద్వారాలను మాత్రం సున్నపు మాలుతో, పాత వరసల్లోకి పళ్లు కలిపి ఇటుకతో మూసేశాం. లింటెల్ మట్టంలో లోపలి వైపు చుట్టూ జింకు పూత వెల్డెడ్ వలతో ఒక పట్టీ తిప్పి, హైడ్రాలిక్ (తడిలోనూ గట్టిపడే) సున్నపు మాలుతో కప్పాం. భారత ప్రమాణం ఐఎస్ 13935 చెప్పే పట్టీల పద్ధతికి ఇది దగ్గరిదే. అందులోని సిమెంటు మాలు బదులు సున్నం వాడాం.

బోలు గోడల్లో సున్నపు గ్రౌటు (ఖాళీల్లోకి పారే పల్చని మాలు) నింపేటప్పుడు ఒక తమాషా జరిగింది. కిందినుంచి పైకి, రోజుకు ఒక మీటరు ఎత్తుకు మించకుండా, తక్కువ ఒత్తిడితో పోయాలని నియమం పెట్టుకున్నాం. త్వరపడితే తడి గ్రౌటు ఒత్తిడికే బయటి పొర ఉబ్బి పడిపోతుంది. ఒక స్తంభభాగంలో మాత్రం తొమ్మిది బస్తాలు తాగినా రంధ్రం నిండలేదు. పోయడం ఆపించి కెమెరా గొట్టం దింపి చూస్తే, నక్షాలో లేని పాత పొగగొట్టం దారి ఒకటి గోడ నడుమ నిలువునా ఉంది. పైనా కిందా ఎప్పుడో మూసేసి గార పూశారు. అంతవరకు ఘనమైన గోడ అనుకుని లెక్కించిన భాగం నిజానికి గుల్ల. దాన్ని పూర్తిగా నింపి, ఆ భాగానికి లెక్క మళ్లీ చేసి, మిగతా గోడలన్నిటినీ సుత్తితో రెండోసారి తట్టించాను. మరొకటి దొరికింది.

యాజమాన్యానికి ఇచ్చిన చివరి పత్రంలో ఈ భవనం భూకంపానికి చెక్కుచెదరదని రాయలేదు. డిజైనుకు తీసుకున్న స్థాయి ఊపు వస్తే గోడలు బీటలు వారతాయి, గార రాలుతుంది, భవనాన్ని కొంతకాలం మూసేయాల్సి రావచ్చు, మనుషులు మాత్రం బయటపడగలగాలి. లక్ష్యం అదే అని రాశాను. ఇటలీలోని నోర్చా పట్టణంలో 1979, 1997 భూకంపాల తరువాత చాలా ఇళ్లను పటిష్ఠం చేశారు. 2016 అక్టోబరు 30న 6.5 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు అక్కడ ప్రాణనష్టం జరగలేదు. సెయింట్ బెనెడిక్ట్ బాసిలికా మాత్రం ముఖభాగం మినహా దాదాపుగా కూలిపోయింది. చేసిన పని ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ ఒక్క ఊళ్లోనే కనిపిస్తుంది. ఈ వాక్యాలను పత్రంలోంచి తీసేయమని ఒకరు అడిగారు, దాతలకు చూపించడానికి బాగుండదని. తీయలేదు.

ప్రతి యాంకరు పళ్లానికీ సంఖ్య కొట్టించి, ఏ సంఖ్య ఏ దూలానికి కలిసిందో ఒక పుస్తకంలో రాసి గ్రంథాలయానికి అప్పగించాం. ఏడాది తరువాత మొదటి తనిఖీలో 31వ నంబరు నట్టు చేతితో తిరిగేంత వదులుగా దొరికింది; దాని పక్కనున్న మరో రెండింటిది కూడా అదే స్థితి. కారణం వెతికితే, మేము కొత్తగా పెట్టిన కలప దిమ్మలు పూర్తిగా ఆరకముందే బిగించినవి. అవి ఆరి, కుంచించుకుని, కడ్డీ బిగువును వదులు చేశాయి. తప్పు మాదే. గేబుల్ వైపు నట్లన్నిటినీ మళ్లీ బిగించి, కింద స్ప్రింగు వాషర్లు వేయించి, రెండో ఏడాది తనిఖీ వరకు ఆ పుస్తకంలో ఆ మూడు సంఖ్యల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టించాను.